పశువుల రక్తంలో పగటివేషగాడు – అనాప్లాస్మా జన్యులిపి చెప్పిన సంగతులు

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు నిలుస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తీరాన్ని తడిపి, ఇక్కడికి వచ్చేసరికి వట్టి మబ్బులై మిగులుతాయి. 2022లో ఈ జిల్లా రెండుగా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినది గాని, వాన విషయంలో రెండింటి జాతకం ఒక్కటే. కనుక ఈ వ్యాసంలో అనంతపురం అన్నచోట మేము ఆ పాత జిల్లా మొత్తాన్ని ఉద్దేశిస్తున్నాము. వేరుసెనగ ఊడలు దిగే వేళకు వాన మొగం చాటేస్తే రైతు చేతికి వచ్చేది కట్టె మాత్రమే. ఆ కట్టె మేసి పాలిచ్చే ఆవు, బీళ్ళలో తిరిగి కడుపు నింపుకొనే గొర్రెల మంద – కరువు ఏట ఇంటిని నిలబెట్టేవి ఇవే. ఆ ఆవు ఒకనాడు మేత మానివేస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం.

మేత మానివేసే జబ్బులు ఎన్నో ఉన్నవి. వాటిలో ఒకదాని తీరు ఇది. పశువుకు జ్వరం వస్తుంది. పాలు ఒక్కసారిగా తగ్గిపోతాయి. పేడ గట్టిపడుతుంది. కనురెప్ప తిప్పి చూస్తే ఎర్రగా ఉండవలసిన పొర తెల్లగా పాలిపోయి, రెండు మూడు రోజులలో పసుపుపచ్చగా మారుతుంది. నాలుగడుగులు నడిపిస్తే రొప్పుతుంది. పశువైద్యుడు సకాలంలో వచ్చి టెట్రాసైక్లిన్ జాతి మందును సూది ద్వారా ఎక్కిస్తే చాలా పశువులు లేచి నిలబడతాయి. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఊపిరి పీల్చుకోవడంలో తప్పు లేదు. కాని పశువు లేచినంత మాత్రాన రోగకారి పోయినదా? సాధారణంగా పోదు. లేచిన పశువు బ్రతికినంత కాలం ఆ సూక్ష్మజీవిని తన రక్తంలో మోస్తూనే ఉంటుంది. ఇది ఎలా సాధ్యమన్న ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు 2005లో, ఆ సూక్ష్మజీవి జన్యులిపిని మొదటి అక్షరం నుండి చివరి అక్షరం దాకా చదివినప్పుడు దొరికినది. ఆ జవాబును కళాశాల విద్యార్థులకు అర్థమయ్యేటట్లు వివరించడమే మా ఉద్దేశం.

ఆ సూక్ష్మజీవి పేరు అనాప్లాస్మా మార్జినాలే. అది ఒక బాక్టీరియా. ఇతర జీవకణాల లోపల తప్ప బయట పెరగలేని రికెట్సియా తెగకు చెందినది. దానిని ఒక పశువు నుండి మరొక పశువుకు చేర్చేది పిడుదు. కొన్ని ఊళ్ళలో దీనినే గోమారి అంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో చిచ్డీ అంటారు. ఆవు చెవుల లోపల, పొదుగు పక్కన, తోక కింద సెనగగింజలవలె ఉబ్బి వ్రేలాడే జీవులు ఇవే. మనదేశంలో ఈ రోగాన్ని మోసేవాటిలో ముఖ్యమైనది రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే పిడుదు. ఇది పిల్ల దశలో ఒక పశువును పట్టుకొంటే దాదాపు మూడు వారాలపాటు దానిపైనే పెరిగి పెద్దదవుతుంది. ఆడపిడుదు కడుపారా రక్తం త్రాగి నేలపై రాలి, రెండు మూడు వేల గ్రుడ్లు పెట్టి చనిపోతుంది. గ్రుడ్ల నుండి వచ్చిన పిల్లలు గడ్డిపరకల కొనలకు ఎగబ్రాకి, దారిన పోయే పశువు కోసం కాచుకొని ఉంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. జీవితమంతా ఒకే ఆవుపై గడిపే పిడుదు రోగాన్ని రెండవ ఆవుకు ఎలా చేరుస్తుంది? తల్లిపిడుదు నుండి గ్రుడ్ల ద్వారా పిల్లలకు పోతుందనుకొందామంటే, అనాప్లాస్మా ఆ దారిన పోదు. ఈ పని చేసేది మగపిడుదు. అది ఆడపిడుదువలె ఒక్కసారిగా ఉబ్బి రాలిపోదు. కొద్దికొద్దిగా త్రాగుతూ వారాల తరబడి బ్రతుకుతుంది. జోడు వెదుక్కుంటూ, ఒకదానినొకటి రాచుకొని నిలబడ్డ పశువులలో ఒకదానిపై నుండి మరొకదానిపైకి దాటుతుంది. మొదటి ఆవు వద్ద త్రాగిన రక్తంలోని సూక్ష్మజీవి దాని ప్రేగు కణాలలో పెరిగి, లాలాజల గ్రంథులకు చేరి, రెండవ ఆవును కుట్టినప్పుడు ఆ లాలాజలంతోపాటు లోపలికి పోతుంది. కరువు రోజులలో పది ఊళ్ళ పశువులను ఒకే గడ్డివామి వద్ద, ఒకే తొట్టి వద్ద నిలిపినప్పుడు మగపిడుదుకు ప్రయాణం ఎంత సులువో చెప్పనక్కరలేదు.

పిడుదు రోగాన్ని మోస్తుందన్న సంగతే ఒకప్పుడు శాస్త్రజ్ఞులు నమ్మలేదు. అమెరికాలో టెక్సాస్ జ్వరమనే పశువ్యాధి పిడుదుల వలన వస్తుందని థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు 1893లో ఋజువు చేశారు. రక్తం త్రాగే చిన్న జీవి రోగాన్ని ఒక ప్రాణి నుండి మరొక ప్రాణికి చేరుస్తుందన్న మాటకు అది గట్టి పునాది వేసినది. మరి నాలుగేళ్ళకు, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. రాస్ పేరు మన పాఠ్యపుస్తకాలలో ఉన్నది. స్మిత్ పేరు లేదు. మనిషి జబ్బుకు వచ్చినంత కీర్తి పశువు జబ్బుకు రాదు కాబోలు.

స్మిత్, కిల్‌బోర్న్‌లు తాము పరీక్షించిన రక్తంలో, ఎర్రకణాల అంచున చిన్న చిన్న చుక్కలను కూడా గమనించారు. అవి టెక్సాస్ జ్వర క్రిమి యొక్క ఒక దశ అని భావించారు. ఆ చుక్కలు వేరొక జీవి అని 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ తేల్చాడు. కణద్రవ్యం లేనట్లు, అంచుకు అంటుకొని ఉన్నట్లు కనబడినందున దానికి ఆ పేరు పెట్టాడు. అనాప్లాస్మా అంటే ద్రవ్యం లేనిదని, మార్జినాలే అంటే అంచున ఉండేదని అర్థం. థైలర్ దానిని ఏకకణ ప్రాణి అనుకొన్నాడు. అది బాక్టీరియా అని తరువాత తెలిసినది. గీంసా రంగు వేసిన రక్తపుపూతను మంచి సూక్ష్మదర్శినితో చూస్తే బి.ఎస్సీ. విద్యార్థి అయినా ఆ ఊదారంగు చుక్కను గుర్తుపట్టగలడు. ఒక్కొక్క చుక్కలో నాలుగు నుండి ఎనిమిది బాక్టీరియాలు మూటగట్టినట్లు ఉంటాయి.

రోగం ముదిరిన దశలో ఒక్క మిల్లీలీటరు రక్తంలో ఇవి వంద కోట్లు దాటవచ్చు. సూక్ష్మజీవి చొరబడిన ఎర్రకణాలను పశువు ప్లీహం పట్టి నాశనం చేస్తుంది. రక్తహీనతకు కారణం అదే. విరిగిన కణాల రంగు శరీరంలో పేరుకొని పచ్చకామెర్లు కనబడతాయి. కణాలు రక్తనాళాలలో పగలడం లేదు కనుక మూత్రం ఎర్రబారదు. పిడుదుల వలననే వచ్చే బబీసియా జ్వరంలో మూత్రం కాఫీరంగుకు తిరుగుతుంది. ఈ తేడా పల్లెటూరి పశువైద్యునికి ప్రయోగశాల అక్కరలేని మొదటి ఆధారం. అనాప్లాస్మా మార్జినాలే మనుషులకు జబ్బు కలిగించినట్లు లేదు, కనుక పాలు త్రాగేవారికి దీని వలన భయం అక్కరలేదు.

ఇక జన్యులిపి విషయానికి వద్దాము. ప్రతి జీవిలోనూ ఆ జీవి ఎలా పెరగాలో, ఏయే ప్రోటీన్లు తయారు చేయాలో తెలిపే ఆజ్ఞలన్నీ డి.ఎన్.ఎ. అనే పొడవాటి అణువులో నాలుగే అక్షరాలతో వ్రాసి ఉంటాయి. ఆ అక్షరాల వరుసను చదివే విధానాన్ని ఫ్రెడరిక్ సాంగర్ 1977లో ప్రకటించాడు. మొత్తం జన్యులిపిని చదివిన మొదటి స్వతంత్ర జీవి, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బాక్టీరియా, 1995లో వెలుగుచూసినది. అనాప్లాస్మా వంతు రావడానికి మరి పదేళ్ళు పట్టినది. కారణం లేకపోలేదు. మామూలు బాక్టీరియాను గాజుపాత్రలో పోషక ద్రవం పోసి పెంచవచ్చు. ఇది జీవకణంలో తప్ప పెరగదు. పశువు రక్తం నుండి తీయవలసినదే. తీస్తే దానితోపాటు పశువు డి.ఎన్.ఎ. కూడా వచ్చి కలుస్తుంది. గుప్పెడు కొర్రలను ఏరడానికి బండెడు ఇసుకను జల్లించినట్లు అవుతుంది.

అయితే ప్రకృతి ఇక్కడ ఒక ఉపకారం చేసినది. క్షీరదాల ఎర్రరక్తకణం పరిణతి చెందేసరికి తన కేంద్రకాన్ని పోగొట్టుకొంటుంది, అంటే దానిలో పశువు డి.ఎన్.ఎ. ఉండదు. పశువు డి.ఎన్.ఎ. రక్తంలోని తెల్లకణాలలో ఉంటుంది. కనుక తెల్లకణాలను వడగట్టి తీసివేస్తే, మిగిలిన ఎర్రకణాలలో దొరికే డి.ఎన్.ఎ. దాదాపుగా సూక్ష్మజీవిదే. ఆ డి.ఎన్.ఎ.ను పెద్ద ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కను ఇ. కోలై బాక్టీరియాలో దాచి నకళ్ళు తీయించి, మళ్ళీ చిన్న ముక్కలుగా విరిచి చదివి, ఒక ముక్క కొస మరొక ముక్క మొదలుతో సరిపోయే చోటును పట్టుకొని అతికిస్తూ పోతారు. చిరిగిన తాళపత్ర గ్రంథాన్ని నాలుగైదు ప్రతుల సాయంతో పూర్తి చేసే పండితుని పని వంటిది ఇది. ఈ పనిని అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కెల్లీ బ్రేటన్, గై పామర్, వారి సహచరులు కలిసి పూర్తి చేశారు. ఐడహో రాష్ట్రంలోని సెయింట్ మేరీస్ అనే ఊరి పేరుతో పిలిచే తెగను వారు ఎంచుకొన్నారు.

మొత్తం లెక్క 11,97,687 అక్షరాలు. పుటకు రెండు వేల అక్షరాల చొప్పున అచ్చువేస్తే ఆరు వందల పుటల పుస్తకం. మన ప్రేగులలో ఉండే ఇ. కోలై పుస్తకం దీనికి దాదాపు నాలుగు రెట్లు. ఆవు జన్యులిపి, 2009లో ప్రకటించినది, ఇంచుమించు మూడు వందల కోట్ల అక్షరాలు. తమాషా ఏమంటే, ఆవుపై వ్రేలాడే ఆ పిడుదు జన్యులిపి ఏడు వందల కోట్లకు పైమాట. ఆవుకన్నా, మనిషికన్నా రెండు రెట్లు పెద్దది. అక్షరాల సంఖ్యకూ జీవి గొప్పదనానికీ సంబంధం లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తోచదు.

ఆ ఆరు వందల పుటలలో ప్రోటీన్లను తయారు చేసే ఆజ్ఞలు 949 ఉన్నట్లు గుర్తించారు. వాటిలో సూక్ష్మజీవి బాహ్యపొరకు చెందినవి అనదగినవి 62 మాత్రమే. ఈ 62లో 49 రెండే రెండు కుటుంబాలకు చెందినవి. బాహ్యపొర ఎందుకు ముఖ్యమంటే, పశువు రక్షణ వ్యవస్థకు కనబడేది అదొక్కటే. ఊరికి వచ్చిన కొత్తవాడిని మనం మొగం చూసి గుర్తుపట్టినట్లు, శరీరం సూక్ష్మజీవిని దాని పైపొరను చూసి గుర్తుపట్టి, దానికి సరిపోయే ప్రతిదేహాలను తయారు చేస్తుంది. అనాప్లాస్మా పైపొరలో ప్రధానమైన ఒక ప్రోటీన్‌కు ఎం.ఎస్.పి.-2 అని పేరు. శరీరం మొదట గుర్తుపట్టేది దీనినే. సూక్ష్మజీవి మార్చేదీ దీనినే.

మన ఊళ్ళలో పగటివేషగాళ్ళను చూసినవారికి ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. నిన్న అర్ధనారీశ్వరుడు, నేడు ఫకీరు, రేపు కోమటి సెట్టి. మనిషి ఒక్కడే, పెట్టె ఒక్కటే. అనాప్లాస్మా పెట్టెలో ఏముందో జన్యులిపి బయటపెట్టినది. ఎం.ఎస్.పి.-2 ప్రోటీన్ తయారయ్యే స్థానం జన్యులిపిలో ఒక్కటే ఉన్నది. దానిని రంగస్థలం అనుకొందాము. రంగస్థలానికి దూరంగా అక్కడక్కడ, అదే జన్యువును పోలి ఉండి తల, తోక తెగిపోయిన ముక్కలు ఉన్నవి. అవి స్వయంగా ఏ ప్రోటీన్‌నూ తయారు చేయలేవు. ఇటువంటి వాటిని మిథ్యాజన్యువులు అంటారు. ఇతర రికెట్సియాలలో మిథ్యాజన్యువులు అంటే పని మానేసిన పాత జన్యువుల శిథిలాలు, కాలక్రమంలో చెరిగిపోయేవి. అనాప్లాస్మాలో అవి శిథిలాలు కావు, వేషాల పెట్టె. సూక్ష్మజీవి వృద్ధి చెందుతున్నప్పుడు ఒక మిథ్యాజన్యువు నకలు రంగస్థలంలోకి వచ్చి, అక్కడున్న పాత భాగాన్ని తుడిచి దాని చోట కూర్చుంటుంది. కొత్త వేషం సిద్ధం.

వేషాలు పదిలోపే అయితే శరీరం కొన్ని నెలలలో అన్నింటినీ గుర్తుపట్టి ఆట కట్టించి ఉండేది. కాని ఒక్కొక్కప్పుడు మిథ్యాజన్యువు మొత్తం రాదు, దానిలో ఒక ముక్క మాత్రమే వస్తుంది. దాని పక్కన మరొక మిథ్యాజన్యువు ముక్క. మన అవ్వలు పాత చీరలు, పంచెల ముక్కలు కలిపి బొంత కుట్టినట్లే ఇది. చీరలు అయిదే అయినా కత్తిరింపును బట్టి ఎన్ని బొంతలైనా కుట్టవచ్చు, ఏ రెండూ ఒకటిగా ఉండవు. ఎం.ఎస్.పి.-3 అనే మరొక ప్రోటీన్ విషయంలోనూ ఇదే ఏర్పాటు ఉన్నది. శరీరం ఒక వేషానికి తగిన ప్రతిదేహాలు తయారు చేసి కోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులను నాశనం చేసేలోగా, ఎక్కడో ఒకటి రెండు కొత్త బొంత కప్పుకొని తప్పించుకొంటాయి, మళ్ళీ పెరుగుతాయి. కొన్ని వారాలకొకసారి వాటి సంఖ్య పెరుగుతూ, తగ్గుతూ పశువు జీవితాంతం ఈ దాగుడుమూతలు సాగుతాయి. పశువుకు జ్వరం ఉండదు. మేత మేస్తుంది, పాలిస్తుంది, ఈనుతుంది. సూక్ష్మదర్శినికి చుక్క కనబడదు. దానిని కుట్టిన పిడుదు మాత్రం సూక్ష్మజీవిని మోసుకొనిపోతుంది.

పన్నెండు లక్షల అక్షరాలలో ఇమిడిపోయిన జీవి, అవసరం లేనివన్నీ వదిలించుకొని బ్రతకడానికి అలవాటుపడిన జీవి, ఈ ముక్కలను మాత్రం భద్రంగా దాచుకొన్నది. జన్యులిపి చదవక ముందు వేషాలు మారుతున్నాయని తెలుసు, కొన్ని మిథ్యాజన్యువులు కూడా కనబడినవి. పెట్టె మొత్తం తెరచి లెక్క చూచినది మాత్రం 2005లోనే.

ఈ జ్ఞానం అనంతపురం రైతుకు ఏమి చెబుతుంది? మేము ఆలోచించిన కొద్దీ ఇదే ముఖ్యమని తోచినది. ఈ రోగానికి ఒక విచిత్ర లక్షణం ఉన్నది. దూడలకు, ఏడాది లోపు వయసున్నప్పుడు సోకితే పెద్దగా జబ్బు చేయదు. రెండేళ్ళు దాటిన పశువుకు మొదటిసారి సోకితే ప్రాణాంతకం. దూడ దశలో సోకి బయటపడిన పశువు జీవితాంతం వాహకంగా ఉంటుంది. అలా ఉన్నందువలననే దానికి మళ్ళీ తీవ్రంగా జబ్బు రాదు. కనుక పిడుదులు ఏడాది పొడుగునా ఉండే ఊళ్ళో దూడలన్నింటికీ చిన్ననాడే సోకి, మంద పైకి ఆరోగ్యంగా కనబడుతుంది. రోగం ఊరంతా ఉన్నది, రోగి ఒక్కడూ లేడు.

ఇటువంటి ఊరికి పిడుదులు ఎరుగని చోట పెరిగిన ఒక సంకర జాతి ఆవును అప్పు చేసి కొని తెచ్చామనుకొందాము. పాతమందతో కట్టివేస్తాము. పిడుదు కుట్టిన నాటి నుండి జబ్బు బయటపడడానికి సగటున నాలుగు వారాలు పడుతుంది. కొన్న నెలకో నెలన్నరకో ఆవు కూలబడుతుంది. అమ్మినవాడు రోగపు గొడ్డును అంటగట్టాడని తగాదా వస్తుంది, లేదా దిష్టి తగిలినదంటారు. అమ్మినవాని తప్పు లేదు, దిష్టీ లేదు. ఆరోగ్యంగా ఉన్న మన ఆవులే ఆ కొత్త ఆవుకు రోగం ఇచ్చినవి. దీనిని వెనుకకు త్రిప్పి చూసినా ఇంతే: మన వాహక పశువును పిడుదులు ఉన్నా రోగం లేని మందకు అమ్మితే, అక్కడ పాతపశువులు పడిపోతాయి.

కరువు ఈ లెక్కను తారుమారు చేయగలదు. మైక్రోప్లస్ పిడుదు గ్రుడ్లకు, పిల్లలకు నేలలో తేమ కావాలి. వరుసగా రెండు మూడేళ్ళు వానలు లేకపోతే గడ్డి ఉండదు, ఎండకు పిల్లలు మాడిపోతాయి, పిడుదులు పలుచబడతాయి. అది మంచిదే కదా అనిపిస్తుంది. కాని ఆ ఏళ్ళలో పుట్టిన దూడలు సూక్ష్మజీవి సోకకుండానే పెద్దవవుతాయి. నాలుగో ఏట మంచి వానలు పడి, బీళ్ళు పచ్చబడి, పిడుదులు మళ్ళీ పెరిగినప్పుడు, మందలో సగం పశువులు రెండేళ్ళు దాటి కూడా రోగం ఎరుగనివై ఉంటాయి. పశువ్యాధి శాస్త్రం చెప్పే ఈ సూత్రాన్ని మన నేలకు అన్వయిస్తే, కరువు తీరిన ఏడాదే ఈ రోగానికి అనువైన ఏడాది. మేత పుష్కలంగా ఉన్న కాలంలో ఆవు ఎందుకు చనిపోయినదో తెలియక రైతు తల పట్టుకొంటే, కారణం మూడేళ్ళ క్రిందటి వానలేమిలో ఉండవచ్చు.

పిడుదు ఒక్కటే దారి అనుకోరాదు. కుట్టి రక్తం త్రాగే జోరీగలు నోటికంటిన తడి నెత్తుటితోనే రోగాన్ని చేరవేయగలవు. అంతకన్నా మన చేతిలో ఉన్న దారి మరొకటి ఉన్నది. టీకాల రోజున ఒకే సూదితో వరుసగా ఇరవై పశువులకు గుచ్చడం, చెవులకు పోగులు వేసే పనిముట్టును, కొమ్ములు కోసే రంపాన్ని, విత్తులు కొట్టే సాధనాన్ని కడగకుండా ఒకదాని తరువాత ఒకదానికి వాడడం – ఇవన్నీ పిడుదు చేసే పనినే చేస్తాయి. పిడుదులను ఏరవచ్చు, మందుతో కడగవచ్చు గాని అన్నింటినీ చంపడం అసాధ్యం. సూది మార్చడం అసాధ్యం కాదు.

గొర్రెల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. కురుబలు, గొల్లలు పెంచే మందలు ఈ జిల్లా సంపదలో పెద్ద భాగం. గొర్రెలకు, మేకలకు సోకేది అనాప్లాస్మా ఓవిస్ అనే దగ్గరి బంధువు. అది సాధారణంగా మెత్తనిది; మేత కరువై, దూరాలు నడిచి చిక్కిపోయిన మందలో మాత్రం ఉనికి చాటుతుంది. మరొక బంధువు ఎర్లిషియా రుమినాంటియం ఆఫ్రికాలో ఆవులను, గొర్రెలను విరివిగా చంపుతున్నది. దాని జన్యులిపిని దక్షిణాఫ్రికాలో ఆండర్‌స్టెపోర్ట్ పరిశోధకులు అదే 2005లో ప్రకటించారు. ఆండర్‌స్టెపోర్ట్ సంస్థను 1908లో స్థాపించినవాడు మనం పైన చెప్పుకొన్న థైలరే. ఆయన కుమారుడు మాక్స్ థైలర్ పచ్చజ్వరం టీకాకు 1951లో నోబెల్ బహుమానం పొందాడు.

జన్యులిపి చదివారు గదా, టీకా ఎక్కడ అని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. థైలర్ 1911లోనే ఒక ఉపాయం కనుగొన్నాడు. ఎర్రకణం అంచున గాక నడుమకు దగ్గరగా చుక్క కనబడే అనాప్లాస్మా సెంట్రాలే అనే మెత్తని జాతిని పశువుకు కావాలని ఎక్కిస్తే, తరువాత అసలు రోగం తీవ్రంగా రాదు. నూరేళ్ళు దాటినా ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా వంటి దేశాలు ఈ సజీవ టీకాపైననే ఆధారపడుతున్నవి. అయితే అది రక్తం నుండి తయారయ్యేది. జాగ్రత్త తప్పితే రక్తంలోని ఇతర క్రిములూ దానితో వస్తాయి. సెంట్రాలే జన్యులిపిని 2010లో ప్రకటించారు. రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి, వేషం మార్చని బాహ్యపొర ప్రోటీన్లు రెండింటిలోనూ ఏవి ఉన్నవో వెదకడం ఇప్పుడు సాధ్యమైనది. 62 పేర్ల జాబితా చేతిలో ఉన్నది, ఎక్కడ వెదకాలో తెలిసినది. కాని ప్రయోగశాలలో తయారు చేసిన ప్రోటీన్‌తో రైతు కొట్టందాకా వచ్చిన నమ్మకమైన టీకా ఇంకా లేదు. పిడుదునే ఎదిరించే టీకా ఒకటి 1994లో ఆస్ట్రేలియాలో అంగడికి వచ్చినది. పిడుదు ప్రేగులోని ఒక ప్రోటీన్‌పై పశువు ప్రతిదేహాలు తయారు చేస్తే, రక్తం త్రాగిన పిడుదు ప్రేగే దెబ్బతింటుంది.

పిడుదులను తట్టుకొనే గుణం మన పశువులలోనే ఉన్నదని మరచిపోరాదు. మూపురం గల జాతుల చర్మంపై పిడుదులు తక్కువగా నిలుస్తాయి. మన ఒంగోలు జాతి బ్రెజిల్ దేశానికి వెళ్ళి నెలోర్ పేరుతో అక్కడి మైదానాలను నింపడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ పేరు మన నెల్లూరిదే. మూపురపు పశువులలో మొదటిసారిగా జన్యులిపి ప్రకటించినదీ బ్రెజిల్‌లోని ఒక నెలోర్ ఎద్దుదే, 2012లో. ఒంగోలు గిత్త వంశవృక్షపు అక్షరాలను పరదేశంలో చదివారన్నది గర్వపడవలసిన సంగతో సిగ్గుపడవలసిన సంగతో పాఠకులే నిర్ణయించుకోవచ్చు. పిడుదులు తక్కువ పట్టినంత మాత్రాన అనాప్లాస్మా అసలు సోకదని కాదు. సోకిన ఒంగోలు ఆవు కూడా వాహకమే.

మన ప్రాంతంలో ఈ విద్యకు కావలసిన వనరులు లేవనడానికి వీలు లేదు. పిడుదుల వలననే వచ్చే థైలీరియా రోగానికి – ఇది బాక్టీరియా కాదు, ఏకకణ ప్రాణి. థైలర్ పేరే దీనికి పెట్టారు – హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ రక్షావ్యాక్-టి అనే టీకాను తయారు చేసినది. పశువుల రోగకారులపై పరిశోధన కోసమే 2010లో హైదరాబాదులో జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థ ఏర్పడినది. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుండి ఉన్నది. సాంగర్ పద్ధతిలో నెలల తరబడి చదివిన జన్యులిపిని నేటి యంత్రాలు రోజులలో చదువుతున్నవి.

మొత్తం జన్యులిపిని చదవకుండానే తెలుసుకోదగినది కూడా చాలా ఉన్నది. ఎం.ఎస్.పి.-5 అనే జన్యువు అన్ని తెగలలోనూ మారకుండా ఉంటుంది. సూక్ష్మదర్శినికి అందని వాహక పశువును ఆ జన్యువు ఆధారంగా, పి.సి.ఆర్. అనే నకళ్ళు తీసే పద్ధతితో ఒక్క బొట్టు రక్తంలో పట్టుకోవచ్చు. ఎం.ఎస్.పి.-1ఎ అనే మరొక జన్యువులో ఒకే వాక్యం పలుమార్లు తిరిగి వస్తుంది. ఎన్నిసార్లు వస్తుంది, ఏ మాట మారుతుంది అన్నది తెగ తెగకూ వేరు. కడప సంతలో కొన్న ఆవులోని తెగ, బళ్ళారి వైపు నుండి వచ్చిన ఆవులోని తెగ, కదిరి దగ్గర పుట్టి పెరిగిన ఆవులోని తెగ ఒకటేనా కాదా అన్నది ఆ వాక్యాల లెక్కను బట్టి పోల్చవచ్చు. కరువులో పశువులు ఏ దారిన నడిచినవో, వాటితోపాటు రోగం ఏ దారిన వచ్చినదో ఆ లెక్కతో గీయవచ్చు.

రోగవాహక పశువులను గుర్తించిన తరువాత ఏమి చేయాలన్నది అంత సులువైన ప్రశ్న కాదు. మందులతో సూక్ష్మజీవిని పూర్తిగా తీసివేయడానికి ప్రయత్నించవచ్చు. అది సఫలమైన పశువు కొంతకాలానికి తన రక్షణనూ కోల్పోతుంది. పిడుదులున్న అదే ఊళ్ళో తిరిగితే మళ్ళీ సోకవచ్చు, ఈసారి పెద్ద వయసులో. కనుక పిడుదులు ఏడాది పొడుగునా ఉండే ఊళ్ళో వాహక పశువును అలాగే ఉండనిచ్చి, దూడలకు పాలు త్రాగే వయసులోనే పిడుదు తగలనిచ్చి, బయట నుండి తెచ్చే పెద్ద పశువు విషయంలో మాత్రం అది ఎక్కడ పెరిగినదో విచారించి కొనడమే మేలని పలువురు పశువైద్య శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సంతలో పళ్ళు చూస్తారు, సుళ్ళు చూస్తారు, పొదుగు చూస్తారు. పుట్టిన ఊరు అడిగేవారు తక్కువ.